రద్దయిన అప్పుకు మా నాయన కట్టిన పైసలు

పోయిన వారం వెట్టి గురించి రాసిన. ఇయ్యాల జీతం గురించి.

మా తాత కరీంనగర్ దిక్కు ఒక ఊర్లె దొరకు జీతగాడు. పెండ్లికి తీసుకున్న అప్పు కింద కుదిరిండు. ఉగాదికి ఉగాదికి లెక్క చూసేటోళ్లు. తెచ్చుకున్న నాగు, జరమొచ్చి పనికి పోని రోజులు, అన్నీ బాకీల కలిసేవి. రాత దొరది, వేలిముద్ర తాతది. నిజాం రాజ్యంల దీన్ని భగేలా అన్నరు. 1936ల భగేలా ఒప్పందాలకు హద్దు పెడుతూ చట్టమొచ్చింది గని గడీ గడప దాటలేదు.

1977ల నాయన సింగరేణిల పనికి ఎక్కిండు. నెలనెలా కూలిల నుంచి తాత బాకీ కట్టిండు. అయ్య అప్పు కొడుకు మీద ఉంటదని ఆయన నమ్మకం.

చట్టం వేరే చెప్పింది. వెట్టి చాకిరి రద్దు చట్టం 1976ల వచ్చినా 1975 అక్టోబర్ 25 నుంచే అమలు. దాని 6వ సెక్షన్ కింద జీతం బాకీ రద్దయింది, ఏ కోర్టూ వసూలు దావా తీసుకోదు. 9వ సెక్షన్ ప్రకారం ఆ పైసలు తీసుకున్నోనికి మూడేండ్ల దాకా జైలు. తీసుకున్నది వాపస్ కట్టించే అధికారం కోర్టుకుంది. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే బాధ్యత కూడా అప్పిచ్చినోనిదే.

షావుకారి దివాలా తీస్తే ఏమైతది? 1920 దివాలా చట్టం కింద విడుదల ఉత్తర్వు వచ్చేదాకా కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా అప్పులోళ్లకు పోతది. కాని సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయొద్దన్నది ముట్టరాదు. కూలోల్ల కూలి, పైసలైనా గింజలైనా, ఆ లిస్టుల ఉంది. అంటే రేపటి రెక్కల కష్టం అప్పులోనిది కాదని 1908లనే రాసుంది. మా తాత కుదువ పెట్టింది సరిగ్గా దాన్నే. ఆయనకు కోర్టు తొవ్వ తెల్వదు. అప్పిచ్చినోడూ తీర్పు చెప్పేటోడూ ఒక్కడే.

చట్టాన్ని ఊర్లకు తెచ్చింది సంఘాలు. 1978 సెప్టెంబర్ల జగిత్యాల జైత్రయాత్రకు కూలోళ్లు, రైతులు వేలల్ల కదిలిన్రు. మరుసటి నెలనే సర్కార్ జగిత్యాల, సిరిసిల్లలను కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. దొరల మీద కేసులు పెట్టాల్సిన చోట పోలీసు క్యాంపులు పెట్టిన్రు. అయినా ఆ యేడే నాయన కట్టుడు ఆపిండు.

మొన్నటిదాక మా నాయనమ్మ "బాకీ మిగిలిపాయె బిడ్డా" అని సిగ్గుపడేది. సెక్షన్లు సదివి వినిపించిన. జర సేపు ఆగి అడిగింది: "మరి మీ నాయన కట్టినయి ఎవలియ్యాలె?"

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీ ఇండ్లల్ల ముసలోళ్లను ఈ లెక్క అడుగున్రి. రాసి పెట్టున్రి.

జై భీమ్. మిగతాది వచ్చే వారం.