బండి, ఇంటి ఇన్సూరెన్స్ కంపెనీ మార్చాల్నా? అగ్గువ ఒక్కటే చూస్తే మునుగుతం

పాలసీ తారీఖు దగ్గరికి రాంగనే ఫోన్లు షురూ అయితయి. మా కాడ ఐదు వందలు తక్కువ అని ఒకరు, మేం ఇంకింత తగ్గిస్తమని ఇంకొకరు. పాత ఏజెంటేమో "కంపెనీ మారితే మీ బోనస్ అంత పోతది" అని బెదిరిస్తడు. ఈ లొల్లిల మన ఊర్ల పోరగాండ్లు రెండు రకాలుగా తప్పు చేస్తున్నరు. కొందరు ఐదు వందల కోసం కళ్లు మూసుకొని మారుతున్నరు. ఇంకొందరు భయపడి, నచ్చకున్నా అదే కంపెనీకి ఏండ్ల తరబడి కడుతున్నరు.

మారుడు తప్పు కాదు, మారితే పోయేది కూడా ఏం లేదు. గని ఎంత అగ్గువ అని కాదు, బండి గుద్దుకున్న రోజు, ఇల్లు మునిగిన రోజు చేతికి ఎంతొస్తది అని చూసి మారాలె. ఆ లెక్క ఎట్ల చూడాల్నో ఒక్కొక్కటి చెప్పుకుందాం.

ముందుగాల మీ పాలసీల ఏమున్నదో చూడుండ్రి

బండి ఇన్సూరెన్స్‌ల రెండు ముక్కలుంటయి. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటోళ్లకు దెబ్బ తాకినా, పానం పోయినా వాళ్లకు ఇచ్చే పరిహారం ఇది. రెండోది ఓన్ డ్యామేజ్. మన బండికే ఏమన్న అయితే, దొంగలు ఎత్తుకపోతే మనకొచ్చే పైసలు ఇది. రెండూ కలిపి ఉంటే ప్యాకేజీ పాలసీ అంటరు. ఫుల్ ఇన్సూరెన్స్ అని మనం అనేది దీన్నే.

థర్డ్ పార్టీ లేకుండ బండి రోడ్డెక్కొద్దని 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ చెప్తది. దొరికితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, లేదంటే 3 నెలల దాకా జైలు, లేదంటే రెండూ. రెండోసారి జరిమానా 4,000. అసలు భయం జరిమానాది కాదు. ఇన్సూరెన్స్ లేని బండి ఒక మనిషిని గుద్దితే, ట్రిబ్యునల్ ఏసిన పరిహారం లక్షలల్ల ఉంటది. అది బండి ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కట్టాలె. బండి కొడుకు నడిపినా, ఆర్సీ నాయిన పేరు మీద ఉంటే భారం నాయిన మీదికే వస్తది. ఉన్న ఎకరం పొలం పోయేది గిట్లనే.

ఇంకో మోసపోయే కాడ ఉన్నది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకుకు ఐదేండ్ల థర్డ్ పార్టీ, కొత్త కారుకు మూడేండ్ల థర్డ్ పార్టీ ఒక్కసారే తీసుకోవాలె. షోరూంల బైకుకు చాలాసార్లు ఐదేండ్ల థర్డ్ పార్టీ, ఒక్క ఏడాది ఓన్ డ్యామేజ్ కలిపి ఇస్తరు. మనోళ్లు "నాకు ఐదేండ్ల ఇన్సూరెన్స్ ఉన్నది" అని నిమ్మలంగ ఉంటరు. ఏడాది దాటినంక బండి పోతే రూపాయి రాదు. పోలీసులు ఆపినా చూపియ్యనీకి కాయితం ఉంటది గాబట్టి, ఓన్ డ్యామేజ్ అయిపోయిన సంగతే తెల్వదు. మీ పాలసీ కాయితం మీద రెండు తారీఖులు ఏరేరుగా రాసుంటయి. ఇయ్యాల్నే తీసి చూడుండ్రి.

ఎనుక కూసున్న మనిషి సంగతి కూడా గంతే. ఉట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉన్న బైకు మీద ఎనుక కూసున్నోళ్లకు కంపెనీ బాధ్యత ఉండదని 2006ల సుప్రీం కోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ ఉంటే వాళ్లకు కూడా వర్తిస్తదని 2009ల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏ స్పష్టం చేసింది. దోస్తునో, అమ్మనో ఎనుక ఎక్కించుకొని తిరిగేటోళ్లు మారేముందు ఆలోచించాల్సిన ముచ్చట ఇది.

థర్డ్ పార్టీ రేటు ఏడికి పోయినా ఒక్కటే

థర్డ్ పార్టీ రేటు కంపెనీలు పెట్టవు. కేంద్ర సర్కారు పెడతది. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం ఏడాదికి 75 సీసీ దాకా బైకుకు 538, 75 నుంచి 150 సీసీకి 714, 150 నుంచి 350 సీసీకి 1,366, అంతకు మించితే 2,804 రూపాయలు. కార్లకు 1,000 సీసీ దాకా 2,094, 1,500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. దీని మీద జీఎస్టీ అదనం. సర్కారు రేట్లు మార్చితే అన్ని కంపెనీలకు ఒక్కసారే మారుతయి.

అంటే "మా కాడ థర్డ్ పార్టీ అగ్గువ" అని ఎవరన్న అంటే అనుమానపడాలె. అయితే అది నకిలీ కాయితం, లేకుంటే బండి సీసీ తప్పు రాస్తున్నరు. తేడా ఉంటే గింటే ఓన్ డ్యామేజ్ ముక్కల్నే ఉంటది. బేరం, పోలిక అంత అక్కడనే.

బోనస్ మీది, కంపెనీది కాదు

ఏడాదంత క్లెయిమ్ చేయకుంటే వచ్చే తగ్గింపును నో క్లెయిమ్ బోనస్ అంటరు. మొదటి ఏడాదికి 20 శాతం, రెండేండ్లకు 25, మూడేండ్లకు 35, నాలుగేండ్లకు 45, ఐదేండ్లకు 50 శాతం. ఇది ఓన్ డ్యామేజ్ ప్రీమియంల్నే తగ్గుతది, థర్డ్ పార్టీల తగ్గదు.

ఈ బోనస్ కంపెనీకి, బండికి కట్టేసింది కాదు. ఓనర్‌ది. కంపెనీ మారినా మీ ఎంట వస్తది. బండి అమ్మేసి కొత్తది కొన్నా వస్తది. పాత కంపెనీ కాడ బోనస్ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేండ్లల్ల వాడుకోవచ్చు. గందుకే "మారితే బోనస్ పోతది" అనే మాట అబద్ధం.

బోనస్ పోయేది వేరే తీర్లల్ల. పాలసీ అయిపోయినంక 90 రోజుల్ల కొత్తది కట్టకుంటే పోతది. క్లెయిమ్ చేస్తే పోతది. క్లెయిమ్ చేసి కూడా చేయలేదని కొత్త కంపెనీకి అబద్ధం చెప్తే, వాళ్లు పాత కంపెనీని అడిగి తెలుసుకుంటరు. గప్పుడు క్లెయిమ్‌కే ఎసరొస్తది. "బోనస్ నేను రాసేస్త, నువ్వు ఊకో" అనే ఏజెంటును నమ్మకుండ్రి. సంతకం మీది, నష్టం మీదే.

అగ్గువ ఎట్ల అయితదో చూడాలె

పాలసీ మీద ఐడీవీ అని ఒక అంకె ఉంటది. బండి దొంగతనం అయినా, పూర్తిగ పాడైనా కంపెనీ ఇచ్చేది ఆ అంకెను బట్టే. కొత్త బండికి ఆర్నెల్ల దాకా 5 శాతం, ఏడాది దాకా 15, రెండేండ్ల దాకా 20, మూడేండ్ల దాకా 30, నాలుగేండ్ల దాకా 40, ఐదేండ్ల దాకా 50 శాతం విలువ తగ్గిస్తరు. ఐదేండ్లు దాటితే కంపెనీ, మనం మాట్లాడుకొని పెట్టుకుంటం.

ఒక లెక్క అనుకుందాం. ఒక కంపెనీ మీ బైకుకు 60,000 ఐడీవీ పెట్టి 1,900 అడిగింది. ఇంకోటి 45,000 పెట్టి 1,600 అడిగింది. మిగిలింది 300. బండి పోతే తక్కువొచ్చేది 15,000. ఇది అగ్గువ కాదు, తక్కువ సరుకు. ఐడీవీ సమానం చేసి, అప్పుడు రేటు అడుగుండ్రి.

రెండోది తరుగుదల. బండి రిపేరైతే ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ ఖర్చుల మామూలుగ కంపెనీ సగమే ఇస్తది. జీరో డెప్ అనే అదనపు కవర్ తీసుకుంటే ఈ కోత చాలామటుకు ఉండదు. పాత పాలసీల జీరో డెప్ ఉండి, కొత్తదాంట్ల లేకుంటే రేటు తగ్గుడుల వింత ఏమున్నది?

మూడోది నీళ్ల ముచ్చట. 2024 సెప్టెంబర్ మొదట్ల ఖమ్మంల మున్నేరు, బెజవాడల బుడమేరు పొంగి బండ్లు ఎట్ల మునిగినయో అందరం చూసినం. వరద నష్టం ఓన్ డ్యామేజ్ పాలసీల కవర్ అయితది, ఉట్టి థర్డ్ పార్టీ ఉంటే ఏం రాదు. అయితే మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజిన్ల నీళ్లు పోయి పాడైతే, మామూలు పాలసీల అది కంపెనీలు ఇయ్యమంటయి. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ కావాలె. వాగు పక్క ఊర్లల్ల కార్లున్నోళ్లు ఇది అడగాలె. బండి మునిగితే మాత్రం స్టార్ట్ చేయకుండ నూకుకుంటనో, ట్రాలీల ఏసుకొనో మెకానిక్ కాడికి తీస్కపోవాలె.

ట్రాక్టర్ ఉన్నోళ్లు ఇంజిన్‌కు చేసి ట్రాలీని మర్చిపోతరు. పాలసీల ట్రాలీ కూడా రాసి ఉన్నదా లేదా చూసుకోవాలె.

క్లెయిమ్ రోజు లెక్కలు

ఎంత అగ్గువ కంపెనీ అయినా, గుద్దుకున్న బండిని బాగు చేయించనీకి వంద కిలోమీటర్లు పోవాల్సి వస్తే ఏం లాభం? మీ మండలంల, జిల్లా కేంద్రంల క్యాష్‌లెస్ గ్యారేజీ ఏదున్నదో కంపెనీని అడుగుండ్రి. పేరు చెప్పినంక ఆ గ్యారేజీకే పోయి "ఈ కంపెనీ బిల్లులు మంచిగ ఇస్తున్నదా" అని మెకానిక్‌ను అడుగుండ్రి. యాడ్‌ల కంటే మెకానిక్ మాట నయం. క్లెయిములు ఎన్నొచ్చినయి, ఎన్ని ఇచ్చిన్రు అనే లెక్కలు కంపెనీలు తమ సైట్లల్ల పెడతయి. అవి కూడా చూడొచ్చు.

ఏ కంపెనీ అయినా లైసెన్స్ లేకుండ నడిపితే, తాగి నడిపితే మన బండి నష్టం ఇయ్యదు. లైసెన్స్ లేని కేసుల్ల ఎదుటోళ్లకు కంపెనీ పరిహారం కట్టినా, అది మళ్ల ఓనర్ కాడ వసూలు చేసుకునే ఆర్డర్లు కోర్టులు చాలా ఇచ్చినయి. గందుకే మైనర్ తమ్మునికి తాళం ఇచ్చేముందు ఆలోచించాలె.

మారాలె, మారొద్దు

క్లెయిమ్‌కు తిప్పలు పెట్టినా, దగ్గర్ల గ్యారేజీ లేకున్నా, ఐడీవీ, కవర్లు సమానం చేసి చూసినా రేటు ఇంకా ఎక్కువే ఉన్నా మారాలె. ఒక క్లెయిమ్ నడుస్తున్నా, కొత్త పాలసీల ఒక కవర్ తగ్గుతున్నా, మిగిలేది వంద, రెండొందలే అయినా ఆగాలె. ఐదేండ్ల థర్డ్ పార్టీ నడుస్తుంటే దాన్ని ముట్టకుండ, ఓన్ డ్యామేజ్ ఒక్కటే ఏరే కంపెనీల తీసుకోవచ్చు. 2019 సెప్టెంబర్ నుంచి ఈ సౌలతు ఉన్నది.

మారేటప్పుడు పాత పాలసీ తారీఖు అయిపోకముందే కొత్తది తీసుకోవాలె. ఒక్క రోజు గ్యాప్ వచ్చినా ఆ రోజు జరిగిన దానికి ఎవరూ దిక్కుండరు. పైంగ ఓన్ డ్యామేజ్‌కు బండిని మళ్ల చూపియ్యాలె, ఫొటోలు దించాలె. పైసలు ఏజెంటు సొంత నంబర్‌కు కాదు, కంపెనీ ఖాతాకే కొట్టాలె. పాలసీ వచ్చినంక కొద్ది రోజులకు ఎంపరివాహన్ యాప్‌ల మీ బండి నంబర్ కొట్టి, కొత్త తారీఖు పడ్డదా చూడుండ్రి. నకిలీ కాయితాలు దొరికేది గిట్లనే. ఫైనాన్స్ బండి అయితే ఫైనాన్స్ కంపెనీ పేరు కొత్త పాలసీల కూడా ఉండాలె.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నోళ్లు 14 రోజుల్ల పాలసీ తమ పేరు మీదికి మార్పియ్యమని కంపెనీకి రాసియ్యాలె. పాలసీ పాత ఓనర్ పేరు మీదనే ఉంటే, బండి పోయినప్పుడు మీ క్లెయిమ్ నిలవదు.

ఇంటి సంగతి

మన ఊర్లల్ల ఇంటికి ఇన్సూరెన్స్ ఉన్నోళ్లు బ్యాంకు లోన్ తీసుకున్నోళ్లే ఎక్కువ. వాళ్లు ముందు చూడాల్సింది ఒక్కటే. బ్యాంకోళ్లు కట్టించుకున్నది ఇంటి ఇన్సూరెన్సా, లోన్ తీసుకున్న మనిషి పానానికి చేసిన ఇన్సూరెన్సా? రెండోదైతే గోడ కూలినా రూపాయి రాదు. ఫలానా కంపెనీల్నే చేయాలని బ్యాంకు బలవంతం చేయరాదు.

2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలల్ల భారత్ గృహ రక్ష అనే ఒక్క తీరు పాలసీ ఉన్నది. అగ్గి, పిడుగు, గాలివాన, వరద, భూకంపం లాంటియి ఇందుల ఉంటయి. షరతులు ఒక్కటే గాబట్టి ఇక్కడ కంపెనీల పోలిక అల్కగ అయితది. విలువ కట్టేటప్పుడు జాగ ధర కలపరు, మళ్ల కట్టనీకి అయ్యే ఖర్చే చూస్తరు. 900 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 అనుకుంటే 16 లక్షల 20 వేలు. ఇంట్ల సామానుకు ఇంటి విలువల 20 శాతం, 10 లక్షలు మించకుండ, అందుల్నే కలిసి వస్తది.

ఒక మెలిక ఉన్నది. వరదో, అగ్గో అయినంక వారం రోజుల్ల ఆ కారణంగ జరిగిన దొంగతనమే ఇందుల వస్తది. తాళం పలగ్గొట్టి మామూలు దొంగలు దోచుకపోతే దానికి ఏరే కవర్ తీసుకోవాలె. గోడలు, కప్పు తీరు, పెంకుటిల్లా, రేకులా, గడ్డి కప్పా అన్నది ఉన్నదున్నట్టు చెప్పాలె. దాచిపెడితే క్లెయిమ్ రోజు అదే అడ్డమైతది.

తిప్పలు పెడితే ఎవరికి చెప్పాలె

ముందు కంపెనీకి రాతపూర్వకంగ ఫిర్యాదు చేయాలె. నెల రోజులైనా జవాబు రాకుంటే, వచ్చిన జవాబు నచ్చకుంటే ఏడాదిల ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు పోవచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లనే ఉన్నది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. నియంత్రణ సంస్థ బీమా భరోసా పోర్టల్‌ల గని, 155255 నంబర్‌కు ఫోన్ చేసి గని ఫిర్యాదు ఇయ్యొచ్చు.

లక్ష రూపాయల బండి కొనేటప్పుడు మైలేజీ, రంగు, టైర్ సైజు అన్నీ చూస్తం. దాన్ని కాపాడే కాయితం మాత్రం సదవకుండనే బండి డిక్కీల ఏస్తం. కంపెనీలు, ఏజెంట్లు బతికేది మన ఈ అలవాటు మీదనే. కాయితం ఇంగ్లీష్‌ల ఉంటే తెలుగుల చెప్పమని గట్టిగ అడగాలె, అర్థమయ్యేదాక సంతకం పెట్టొద్దు. ఈ ఏడాది మీ పాలసీ అయిపోయే తారీఖుకు నెల ముందు ఫోన్ల అలారం పెట్టుకోండ్రి. తారీఖు దగ్గరికొచ్చినంక ఆగమాగం చేసేటోడు చెప్పిందే ఇనాల్సి వస్తది.