పటము, అట్ట, తెర

హోట్గి రోడ్డు నేతపేటలలోని వారికి జకార్డు అట్టలను గూర్చి మేము చెప్పవలసిన పని లేదు. రంధ్రములు గల ఒక్కొక్క అట్ట, ఒక్కొక్క పేకపోగు పడునపుడు ఏ పడుగుపోగులు లేవవలెనో నిర్ణయించును. అట్ట నొకదానిని చేతబట్టి చూచినచో పువ్వు కనబడదు. వందలకొలది అట్టలు వరుస తప్పక తిరిగిన పిదపనే సోలాపురపు చద్దరుపై పువ్వు విచ్చును. నేడు యానిమేషన్ అని వ్యవహరింపబడు కదలుబొమ్మల చిత్రమునకును ఈ వరుసయే ప్రాణము. సెకనుకు 24 బొమ్మలు తెరపై సాగిపోవ, నిలిచియున్నది నడచినట్లు మన కన్ను భ్రమించును. చిత్రోత్సవములలో ఇట్టి లఘుచిత్రములను చూచినపుడెల్ల మాకు మగ్గమే జ్ఞప్తికి వచ్చినది.

ఈ కళ సినిమాకంటె పెద్దది. 1892 అక్టోబరు 28న పారిస్ నగరమున ఎమీల్ రేనో అను ఫ్రెంచి దేశీయుడు, తాను చేతితో చిత్రించిన బొమ్మల పట్టీని ఒక చుట్టనుండి వేరొక చుట్టకు త్రిప్పుచు, దీపకాంతితో తెరపై ఆడించెను. లూమియేరు సోదరుల ప్రసిద్ధ ప్రదర్శనము మూడేండ్ల తరువాత, 1895లో జరిగినది.

మనదేశమున ప్రభుత్వపు ఫిల్మ్స్ డివిజన్ 1956లో కార్టూను శాఖను నెలకొల్పెను. డిస్నీ సంస్థలో పనిచేసిన క్లేర్ వీక్స్ మనవారికి శిక్షణ నొసగెను. 1957 నాటి ‘ది బన్యన్ డీర్’ దాని ఫలము. గర్భిణియగు లేడికి బదులుగా తన ప్రాణము నొడ్డిన లేళ్ళరాజు జాతకకథ యిది. కథ మనది, కదలికలలో మాత్రము హాలీవుడ్ పాఠము తెలియుచునే యున్నదని మా అభిప్రాయము.

మమ్ము మిక్కిలిగ కదిలించినది నీనా సబ్నానీ 2009లో నిర్మించిన ‘టాంకో బోలే ఛే’. కుట్టు మాటలాడునని దాని భావము. 1971 యుద్ధకాలమున సింధుప్రాంతమును విడిచి కచ్ఛమునకు వలసవచ్చిన కుటుంబముల స్త్రీలు, ఆ ప్రయాణమును, 2001 నాటి భూకంపమును తమ గొంతులతోనే చెప్పుదురు. వారు గుడ్డపై కుట్టిన బొమ్మలే తెరపై నడచును. కథ త్వరగా సాగి, ఒక్కొక్క ముఖమును తనివితీర చూడనీయదు. అది యొక్కటే కొరత.

ఆ చిత్రము చూచుచుండగా మాకు చేర్యాల పటము స్ఫురించినది. సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసిన గుడ్డపై ఎఱ్ఱని నేలను పరచి, నకాశీలు పురాణమును వరుసబొమ్మలుగా వ్రాయుదురు. కూనపులివారు ఆ పటమును మెల్లగా విప్పుచు, మార్కండేయ పురాణమును పద్మశాలీలకు రాత్రులు తరబడి గానము చేసెడివారు. భావనాఋషి తామరనూలు తెచ్చి దేవతలకు వస్త్రము నేసిన కథ అట్లు మన పూర్వులకు కన్నులకు కట్టినది. సోలాపురమున భద్రావతి పేట ఆ ఋషి పత్ని పేరనే వెలసినది. రేనోగారి చుట్టకును కూనపులివారి చుట్టకును భేద మెంత? అచట దీపము కదిలించెను. ఇచట గొంతు కదిలించెను.

ఇపుడు పటము చెప్పువారు అరుదైనారు. చిత్రకారులు బ్రతుకుతెరువునకై పొడవైన పటములకు మారుగా గోడకు తగిలించు చిన్నబొమ్మలను వ్రాయుచున్నారు. వారిని తప్పుపట్టజాలము, పోషించుట మానినవారము మనమే. అయినను ఆ చిన్నబొమ్మ, వరుసనుండి విడివడిన జకార్డు అట్టవంటిది. అందమున్నది, కథ లేదు.

తెలంగాణమునుండి మగ్గమును నమ్ముకొని ఇచ్చటికి వచ్చినవారి కథయు అట్లే విడివడుచున్నది. మరాఠీ బడిలో చదువు మన పిల్లలకు తాతగారి ఊరిపేరు తెలియును. ఆ ఊరు ఎందుకు విడిచిరో తెలియదు. కచ్ఛపు స్త్రీలు తమ కుట్టుతో చేసినది మనము మన పటముతో చేయరాదా? చెప్పగల పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. వారి గొంతులను ముందుగా భద్రపరతము. బొమ్మలు వ్రాయు చేతులు చేర్యాలలో నున్నవి. అట్టలు వరుసగా కూర్చినచో పువ్వు తప్పక విచ్చును.