పిల్లల ఎత్తు ఆగిపోయిందా..? ఒక్క రక్త పరీక్షతో తేలదు.. స్టిమ్యులేషన్ టెస్ట్ అంటే ఇదే!

తోటి పిల్లలంతా ఎదుగుతున్నా మీ బాబు ఇంకా ముందు బెంచీలోనే ఉన్నాడా? రెండేళ్ల కిందటి యూనిఫాం ఇప్పటికీ సరిపోతోందా? 'మా ఇంట్లో అందరూ పొట్టే' అని వదిలేయొద్దు. నాలుగేళ్లు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు పెరగాలి. అంతకంటే తగ్గితే డాక్టర్‌కు చూపించాల్సిందే.

ముందు థైరాయిడ్..

టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలోనే లోపం ఉంటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనిపించొచ్చు. ఫ్రీ టీ4 మాత్రం తగ్గిపోతుంది. అందుకే రెండూ చేయించాలి. ఒకప్పుడు దీనికోసం టీఆర్‌హెచ్ ఇంజెక్షన్ ఇచ్చి పరీక్షించేవారు. ఇప్పుడు ఆ అవసరం చాలా అరుదు. థైరాయిడ్ లోపం ఉంటే ముందు దాన్ని సరిచేయాలి. లేదంటే గ్రోత్ హార్మోన్ రిజల్ట్ తప్పుగా వస్తుంది.

స్టిమ్యులేషన్ టెస్ట్ ఎందుకు?

గ్రోత్ హార్మోన్ రోజంతా ఒకేలా ఉండదు. విడతలు విడతలుగా, ఎక్కువగా గాఢ నిద్రలో విడుదలవుతుంది. పగటిపూట తీసిన ఒక్క శాంపిల్‌లో ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ దాదాపు సున్నా రావొచ్చు. అందుకే పరగడుపున క్లోనిడిన్ మాత్రో, గ్లూకగాన్ ఇంజెక్షనో ఇచ్చి గ్రంథిని ప్రేరేపిస్తారు. చేతికి పెట్టిన క్యాన్యులా నుంచే దాదాపు ప్రతి అరగంటకు రక్తం తీస్తారు. ప్రతిసారీ సూది గుచ్చరు. రెండు మూడు గంటలు పడుతుంది.

ఊరి నుంచి వెళ్తే..

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి ఈ టెస్ట్ కోసం హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే ముందురోజు రాత్రికే చేరుకోవడం మేలు. ఖాళీ కడుపుతో తెల్లవారుజామున బస్సెక్కిస్తే పిల్లలు నీరసించిపోతారు. క్లోనిడిన్‌తో మగత వస్తుంది, బీపీ తగ్గుతుంది. టెస్ట్ అయ్యాక కడుపునిండా తినిపించి, డాక్టర్ సరేనన్నాకే బయల్దేరాలి.

ఒక్కసారి తక్కువ వస్తే భయపడొద్దు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ అలా రావొచ్చు. సాధారణంగా రెండో మందుతో మళ్లీ చూస్తారు. ఎడమ చేతి ఎక్స్‌రే, ఐజీఎఫ్-1 ఫలితాలు కూడా కలిపే నిర్ణయిస్తారు.

లోపం తేలితే గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి. కానీ ఎముకల చివరలు మూసుకుపోయాక అవి ఎత్తు పెంచలేవు. అందుకే ఆలస్యం చేయొద్దు.