లింగ ధ్రువీకరణ హార్మోన్ చికిత్స: జీవక్రియపై ప్రభావం

పుట్టినప్పుడు నమోదైన లింగానికి కాక, తమదని తామెరిగిన లింగానికి తగిన శరీర లక్షణాలు ఏర్పడేందుకు ట్రాన్స్‌జెండర్ వయోజనులు తీసుకొనే సెక్స్ హార్మోన్ల వైద్యాన్ని లింగ ధ్రువీకరణ హార్మోన్ చికిత్స అంటారు. ఇందులో ట్రాన్స్ మహిళలకు ఈస్ట్రోజెన్‌ను, సాధారణంగా టెస్టోస్టెరోన్‌ను అణచే మరొక మందుతో కలిపి ఇస్తారు. ట్రాన్స్ పురుషులకు టెస్టోస్టెరోన్ ఇస్తారు. ఈ హార్మోన్ల ప్రభావం గడ్డం, గొంతు, రొమ్ములతో ఆగక కాలేయం, కండరం, కొవ్వు, ఎముక మజ్జల వరకు వ్యాపిస్తుంది కనుక, ఆహారాన్ని శక్తిగా మార్చి, వాడి, నిలవచేసే ప్రక్రియల సముదాయమైన జీవక్రియ కూడా మారుతుంది.

ఈ చికిత్సకు కావలసిన మందులు రెండు ప్రపంచ యుద్ధాల నడుమ సిద్ధమయ్యాయి. 1929లో ఈస్ట్రోజెన్లలో ఒకటైన ఈస్ట్రోన్‌ను, 1935లో టెస్టోస్టెరోన్‌ను శుద్ధరూపంలో వేరుచేయగా, నోటిద్వారా తీసుకొన్నా పనిచేసే కృత్రిమ ఈస్ట్రోజెన్ అయిన ఎథినైల్ ఈస్ట్రడయోల్‌ను 1938లో బెర్లిన్‌లోని షెరింగ్ సంస్థ రసాయనికులు తయారుచేశారు. బ్రిటన్‌లో ట్రాన్స్ పురుషుడు మైకేల్ డిలన్ 1939లోనే టెస్టోస్టెరోన్ ప్రారంభించాడు. 1952లో కోపెన్‌హాగన్ వైద్యుడు క్రిస్టియన్ హాంబర్గర్ వద్ద చికిత్స పొందిన ట్రాన్స్ మహిళ క్రిస్టీన్ జార్గెన్సెన్ వార్త పత్రికలకెక్కింది. అయితే ఆనాటి వైద్యుల దృష్టి ప్రధానంగా పైకి కనిపించే మార్పుమీదనే నిలిచింది. రక్తంలోని కొవ్వులను, చక్కెరను వరుసగా కొలిచి నమోదుచేసే పని చాలా ఆలస్యంగా మొదలైంది.

ఆ పనికి ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రమైంది. అక్కడి స్వేచ్ఛా విశ్వవిద్యాలయ వైద్యులు హెంక్ ఆషెమన్, లూయీ గూరెన్ ప్రభృతులు హార్మోన్ చికిత్స పొందిన 425 మంది వివరాలను పరిశీలించి 1989లో ప్రకటించిన ఫలితాలలో, ట్రాన్స్ మహిళలకు సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం సాధారణ జనాభాలో ఊహించదగిన దానికి 45 రెట్లుగా తేలింది. వారికి అప్పట్లో ఇచ్చినది రోజుకు 100 మైక్రోగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయోల్. ఈ 45 అనే అంకెను మొత్తం హార్మోన్ చికిత్సకే అంటగట్టి ప్రచారం చేయడం తరువాతి కాలంలో జరిగిన పెద్ద పొరపాటు. దోషంలో అధికభాగం ఆ ఒక్క అణువుది, దానిని మింగిన మార్గానిది.

మింగిన మందు పేగులనుండి నేరుగా కాలేయానికి చేరుతుంది. అక్కడ ఈస్ట్రోజెన్ సాంద్రత హెచ్చినప్పుడు రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్లు, ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు అధికంగా తయారవుతాయి. సహజమైన ఈస్ట్రోజెన్ అయిన ఈస్ట్రడయోల్‌ను కాలేయం త్వరగా విరిచివేస్తుంది గాని, ఎథినైల్ సమూహం తగిలించిన అణువు ఆ విరుపుకు లొంగక పదేపదే అదే ప్రభావాన్ని చూపుతుంది. చర్మానికి అంటించే పట్టీలోని ఈస్ట్రడయోల్ కాలేయాన్ని ముందుగా తాకకుండా రక్తంలో కలుస్తుంది. అందువల్లనే ఆమ్‌స్టర్‌డామ్ వైద్యులు మొదట 40 ఏళ్లు దాటినవారికి పట్టీలు ఇచ్చి, క్రమంగా ఎథినైల్ ఈస్ట్రడయోల్‌ను పూర్తిగా విడిచిపెట్టారు.

శరీర నిర్మాణంలో వచ్చే మార్పులపై అంత వివాదం లేదు. 2017లో వెలువడిన పలు అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన ఒక సమీకృత విశ్లేషణ ప్రకారం, ట్రాన్స్ మహిళలలో కొవ్వు సగటున 3 కిలోలు పెరిగి, కండరం ముఖ్యభాగంగా గల కొవ్వేతర ద్రవ్యరాశి 2.4 కిలోలు తగ్గగా, ట్రాన్స్ పురుషులలో కొవ్వు 2.6 కిలోలు తగ్గి కొవ్వేతర ద్రవ్యరాశి 3.9 కిలోలు పెరిగింది. త్రాసుపై మాత్రం ఇరు వర్గాల బరువూ రెండు కిలోల లోపే పెరిగినట్లు కనబడుతుంది. టెస్టోస్టెరోన్ వల్ల మేలైన కొలెస్టరాల్‌గా పేరుపడిన హెచ్.డి.ఎల్. తగ్గి, చెడు కొలెస్టరాల్ అనబడే ఎల్.డి.ఎల్., ట్రైగ్లిజరైడ్లు కొంత పెరుగుతాయి. ఎముక మజ్జ ఎర్రకణాలను ఎక్కువగా ఉత్పత్తి చేయడంతో రక్తంలో వాటి శాతమైన హెమటోక్రిట్ కూడా హెచ్చుతుంది కనుక దానిని, ముఖ్యంగా తొలి సంవత్సరంలో, తరచు పరీక్షించవలసి ఉంటుంది.

ఇన్సులిన్ విషయం ఇంత తేటగా తెమలలేదు. కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించని స్థితి, అనగా ఇన్సులిన్ నిరోధకత, రెండు వర్గాలలోనూ పెరుగుతుందని 1994లో ఆమ్‌స్టర్‌డామ్ బృందమే చెప్పగా, తరువాతి అధ్యయనాలు ఎక్కువగా ట్రాన్స్ మహిళలలోనే దానిని గుర్తించి, ట్రాన్స్ పురుషులలో మార్పు లేదనో, స్వల్పంగా మెరుగుపడిందనో తేల్చాయి. 2010లో ఘెంట్, ఆమ్‌స్టర్‌డామ్, ఓస్లో, ఫ్లోరెన్స్ కేంద్రాలు కలిసి ఆరంభించిన ఉమ్మడి అధ్యయనం నమోదైనవారిని ఒకే పద్ధతిలో ఏళ్లతరబడి పరీక్షిస్తూ వస్తున్నది.

భారతదేశంలో 2019నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం హార్మోన్ చికిత్సను ప్రభుత్వం కల్పించవలసిన వైద్యసేవలలో చేర్చింది. అయినా వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో గర్భనిరోధక మాత్రలు కొని, ఒక్కోసారి రోజుకు పలుమార్లు వేసుకొనే అలవాటు హిజ్రా సమూహాలలో ఉన్నది. అటువంటి మాత్రలలో తెలుగునాట అందరికీ తెలిసిన మాలా-డి హార్మోన్ మాత్ర ఒక్కొక్కదానిలో, పైన చెప్పిన అదే ఎథినైల్ ఈస్ట్రడయోల్ 30 మైక్రోగ్రాములు ఉంటుంది.