గోడకు మేకు కొట్టే హక్కు

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమని సామెత. ఇల్లు బాగుంటే ‘ఫలానా ఆయన ఇల్లు ఎంత ముచ్చటగా ఉందో’ అంటారు. బాగా లేకపోతే మాత్రం ‘ఆవిడకి ఇల్లు సర్దుకోవడం చేతకాదు’ అంటారు. పేరు ఒకరికి, నింద ఇంకొకరికి. చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన నాకు ఈ సామెత ఒక ప్రశ్నలా కనిపిస్తుంది. కోటల చరిత్ర రాశాం, గుళ్ళ చరిత్ర రాశాం, గడీల చరిత్ర రాశాం. ఇంటి లోపలి గోడ చరిత్ర ఎవరు రాశారు?

‘సొంత ఇంటిని అందంగా అలంకరించుకోవడం ఎలా?’ అని పత్రికల్లో స్త్రీల పేజీలు చాలాకాలంగా చెబుతూనే ఉన్నాయి. కర్టెన్ల రంగు, కుషన్ల కొలత, మూలన పెట్టే కుండీ అన్నీ వివరంగా ఉంటాయి. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోతాను. సొంత ఇల్లు! ఎవరి సొంతం? ఇంటిని అందంగా ఉంచే పని స్త్రీలదిగా, ఇల్లు మాత్రం ఇంకొకరిదిగా ఎలా నడిచిందో నాలుగు చోట్ల నిలబడి చూడాలని నా ప్రయత్నం. గడప, గోడ, బల్ల, దస్తావేజు.

ముందు గడప. మట్టి ఇళ్ళ కాలంలో అలకడం, కళ్ళాపి చల్లడం, ముగ్గు వేయడం అలంకరణ మాత్రమే కాదు, ఇల్లు నిలబడటానికి కావలసిన మరమ్మతు కూడా. పేడ, మట్టి కలిపి అలికితేనే నేల పగుళ్ళు పూడతాయి, దుమ్ము లేవదు. నెలగంట పెట్టిన రోజు నుంచి సంక్రాంతి దాకా తెల్లవారుజామున చలిలో వంగి, పదిహేను చుక్కలతో మొదలుపెట్టి ఒకటి వచ్చేదాకా సందు చుక్కలు పెట్టి, గీత ఎక్కడా తెగకుండా మెలిక తిప్పడానికి లెక్క కావాలి, జ్ఞాపకం కావాలి. చిన్నప్పుడు మా ఊళ్ళో బడికి పంపని ఆడపిల్లల దగ్గర కూడా ముగ్గుల పుస్తకం ఉండేది. అక్షరాలు రాని చేతులు సౌష్ఠవాన్ని నేర్చుకున్నాయి. కానీ ఏ ముగ్గు కిందా సంతకం లేదు. మధ్యాహ్నానికి బండి చక్రాల కింద చెరిగిపోయే కళకు చరిత్రకారుడి దగ్గర చోటు లేదు.

పి.సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథ మనలో చాలామందికి కంఠతా వచ్చినట్టే ఉంటుంది. ఇల్లు అలికి ముగ్గులు పెట్టడంలో మునిగిపోయిన ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఆ కథను నేను చరిత్ర పత్రంగా కూడా చదువుతాను. పనిచేసిన మనిషి పేరు పనిలోనే కలిసిపోయి మాయమవడం ఒక్క శారద సంగతి కాదు కదా!

గడప అందరు స్త్రీలదీ కాదు. మా అమ్మమ్మ చెల్లెలు చిన్నతనంలోనే వైధవ్యం వచ్చి పుట్టింట్లోనే ఉండిపోయింది. మేం చిన్నమ్మమ్మ అనేవాళ్ళం. పండగ నెలంతా పెరట్లో కూర్చుని ముగ్గు పిండి జల్లించేది, గొబ్బెమ్మలకు పేడ కలిపి ముద్దలు చేసేది. ముగ్గు వేసేవాళ్ళకు చుక్క తప్పితే పెరటి గుమ్మం లోంచే సరిచెప్పేది. వీధి వాకిట్లో ఆమె ముగ్గు వేయగా నేను ఒక్కసారీ చూడలేదు. పొద్దున్నే ఎదురు రాకూడని మనిషి వాకిట్లో ఎలా కూర్చుంటుంది? ఆ ఇంట్లో అందరికన్నా బాగా ముగ్గులు వచ్చిన చేయి ఆమెదే. ‘మంగళకరం’ అన్న మాట వెనుక అందానికి ఎంత కఠినమైన హద్దులు గీశామో నాకు ఆమె వల్లే తెలిసింది.

కులం గీసిన హద్దులు ఇంకా గట్టివి. పండగకు ముందు పెద్దిళ్ళ గోడలకు సున్నంలో నీలిమందు కలిపి, ఈతమట్ట కుంచెతో వెల్ల వేసింది ఎవరు? పేడ తట్టలు మోసి తెచ్చింది ఎవరు? ఊరి చివరి గుడిసెల్లో కూడా జాజు పూసిన అరుగులు, తెల్లటి పట్టీలు ఉండేవి. పొద్దంతా ఇంకొకరి ఇంటిని మెరిపించిన స్త్రీ పొద్దు వాలాక తన గుడిసెను అలుక్కునేది. చాలా చోట్ల ఆ గుడిసె కింద నేల ఆమెది కాదు, ఆమె భర్తదీ కాదు. భూస్వామికి కోపం వస్తే లేచిపోవలసిందే. అందుకని ఇంటి అలంకరణను ‘స్త్రీల కళ’ అని ఒక్క మాటలో పొగిడేయడం నాకు చేతకాదు. ఏ స్త్రీ, ఎవరి ఇంట్లో అని అడగాలి.

ఇక గోడ. 1894లో బొంబాయిలో రవివర్మ ముద్రణాలయం మొదలయ్యాక దేవతల బొమ్మలు మధ్యతరగతి ఇళ్ళలోకి వచ్చాయి. లక్ష్మి, సరస్వతి పటాలు కట్టించి గోడకు తగిలించడం క్రమంగా అలవాటైంది. ఆ పటాల్లో కొన్నింటిని జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. అచ్చు బొమ్మ మీద చీర అంచుకు జరీ కుట్టి, నగల మీద చమ్కీలు అతికించి ఉంటాయి. వేల కాపీల్లో ఒకటిగా వచ్చిన బొమ్మను ఎవరో కూర్చుని తమదిగా చేసుకున్నారు. చిత్రకారుడి పేరు, ప్రెస్సు పేరు కింద అచ్చయి ఉన్నాయి. చమ్కీలు అతికించిన వారి పేరు లేదు.

ఇదే కాలంలో మరో మార్పు వచ్చింది. కందుకూరి వీరేశలింగం 1883లో ‘సతీహితబోధిని’ మొదలుపెట్టారు. 1902లో ‘హిందూసుందరి’ వచ్చింది. 1928లో మద్రాసు నుంచి డాక్టర్ కె.ఎన్.కేసరి ‘గృహలక్ష్మి’ ప్రారంభించారు. ఈ సంస్కరణ యుగంలో స్త్రీకి చదువు కావాలనే వాదంతోపాటు చదివితే ఇల్లు ఇంకా బాగా దిద్దుకుంటుందన్న హామీ కూడా నడిచింది. పరిశుభ్రత, గాలి వెలుతురు, కుట్టుపని, పొదుపు అన్నీ చదువుకున్న ఇల్లాలి లక్షణాలయ్యాయి. 1932లో ఢిల్లీలో అఖిల భారత మహిళా సభ పూనికతో లేడీ ఇర్విన్ కాలేజీ వచ్చేసరికి ఇంటిపని ‘గృహవిజ్ఞానం’ పేరుతో కాలేజీ చదువైంది. అమ్మ దగ్గర నేర్చుకున్న పనికి సిలబస్ వచ్చింది, పరీక్ష వచ్చింది. జీతం మాత్రం రాలేదు.

అయితే మనవాళ్ళు ఇచ్చిన చట్రంలో బుద్ధిగా కూర్చుండిపోయారనుకుంటే పొరపాటే. ‘గృహలక్ష్మి’ అనే పేరున్న పత్రికలోనే కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ రాశారు. స్నేహితురాలికి రాసిన ఉత్తరాల రూపంలో స్త్రీల సామాజిక సమస్యలన్నీ చర్చకు పెట్టారు. ఆ పత్రిక స్త్రీలకు ఇచ్చే స్వర్ణకంకణం 1934లో ఆమెకే వచ్చింది. ఇంటి లక్ష్మికి ఇచ్చిన బహుమతి కూడా నగే, అదీ చేతికి! కానీ ఆ చేతికి పేరు తెచ్చింది కలం. ఇంటి గురించిన పత్రికను ఇంటి బయటి ప్రపంచంలోకి కిటికీగా మార్చుకోవడం కూడా ఇల్లు దిద్దుకోవడమే అంటాను నేను.

మూడోది బల్ల, దాని మీద పరిచిన లేసు గుడ్డ. మాది పశ్చిమ గోదావరి. మా ఇళ్ళలో రేడియో మీద, తర్వాత టీవీ మీద, చివరికి ఫ్రిజ్ మీద కూడా తెల్లటి లేసు ఉండేది. నర్సాపురం చుట్టుపక్కల ఊళ్ళలో అరుగుల మీద కూర్చుని క్రోషా సూదితో దారం తిప్పే స్త్రీలను చూస్తూ పెరిగాను. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక తర్వాత ఎగుమతి వ్యాపారమైంది. మన స్త్రీలు అల్లినవి ఐరోపా ఇళ్ళ భోజనాల బల్లలనూ కుర్చీలనూ అలంకరించాయి. ఆ బల్లలను అల్లినవాళ్ళెప్పుడూ చూడలేదు.

జర్మన్ స్త్రీవాద పరిశోధకురాలు మరియా మీస్ ఇక్కడికి వచ్చి వాళ్ళ మధ్య పనిచేసి 1982లో ‘నర్సాపురం లేసు అల్లేవాళ్ళు’ అన్న అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషు పుస్తకం వేశారు. ఇంటి చాకిరీ అంతా చేసుకుంటూనే రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే స్త్రీకి అప్పట్లో దక్కింది రోజుకు రూపాయి లోపే. కారణం ఏమిటి? వాళ్ళను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఘోషాలో ఉండే గౌరవప్రదమైన కుటుంబాల ఇల్లాళ్ళు తీరిక వేళ కాలక్షేపానికి అల్లుకుంటున్నారని అన్నారు. వాళ్ళూ అదే నమ్మారు. దారం తెచ్చి ఇచ్చే ఏజెంటు, సరుకు ఎగుమతి చేసే వ్యాపారి పురుషులు. స్త్రీని ‘గృహిణి’గా నిర్వచించడమే ఆమె శ్రమను చవకగా కొనడానికి మార్గమైందని మీస్ చూపించారు.

ఇక్కడ ఇంగ్లండు అనుభవం ఒకటి పక్కన పెట్టి చూడాలి. ఆగ్నెస్ గారెట్, రోడా గారెట్ అనే వరుస అక్కచెల్లెళ్ళు ఒక వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకుని, లండన్‌లో ఇళ్ళ అలంకరణను వృత్తిగా చేపట్టారు. 1876లో దాని మీద పుస్తకం రాశారు. ఇద్దరూ స్త్రీల ఓటు హక్కు కోసం పనిచేసినవాళ్ళే. వాళ్ళు ఇంట్లో ఉచితంగా చేసే పనికి బయట రుసుము తీసుకుని, అది నైపుణ్యమని నిరూపించారు. లేసు అల్లినవాళ్ళలో నైపుణ్యం తక్కువా? కాదు. పేరు పెట్టి ధర చెప్పే చోటు దొరకలేదు, అంతే. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరికి పేరు దక్కింది, సంతోషమే. అల్లిన చేతికి ఎంత దక్కుతోందన్నది అడగవలసిన ప్రశ్నగానే ఉంది.

చివరిది దస్తావేజు. ఇది ఇంటి అలంకరణలో భాగమా అని మీరు అడగవచ్చు. నా దృష్టిలో మిగతా మూడూ దీని మీదే నిలబడ్డాయి. హిందూ చట్టంలో 1937లో వితంతువుకు భర్త ఆస్తిలో వాటా వచ్చింది గాని బతికినంత కాలం అనుభవించడానికే. 1956 వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీని తన ఆస్తికి పూర్తి యజమానిని చేసింది. ఇంతవరకు మనం గర్వంగా చెప్పుకుంటాం. అదే చట్టంలో 23వ సెక్షన్ గురించి ఎక్కువ మాట్లాడుకోలేదు. తండ్రి వీలునామా రాయకుండా పోయి, ఆయన కుటుంబం నివాసముంటున్న ఇల్లు ఉంటే, దాన్ని పంచమని అడిగే హక్కు కూతురికి లేదు. మగ వారసులు పంచుకోదలచినప్పుడే ఆమె వాటా. అప్పటిదాకా అందులో నివసించవచ్చు, అదీ పెళ్ళి కానిదో, భర్త వదిలేసినదో, విడిగా ఉంటున్నదో, వితంతువో అయితేనే. పొలంలో వాటా అడగవచ్చు గాని, తాను పుట్టి, అలికి, ముగ్గు వేసిన ఇంట్లో వాటా అడగకూడదన్నమాట! మా చిన్నమ్మమ్మకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఉండటానికి కారణం, ముగ్గు వేసే హక్కు లేకపోవడానికి కారణం ఒక్కటే.

1985లో ఆంధ్రప్రదేశ్ సవరణ పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరులో కేంద్ర సవరణ దాన్ని దేశమంతటికీ, పెళ్ళయిన కూతుళ్ళకూ విస్తరించి, 23వ సెక్షన్‌ను తీసేసింది. అంటే దాదాపు 49 ఏళ్ళు అది నడిచింది. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం భార్యకు కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇస్తే, 2006లో సుప్రీంకోర్టు అత్తగారి పేరున ఉన్న ఇంటికి అది వర్తించదంది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు చెప్పడానికి 2020 దాకా పట్టింది. ఇంకోవైపు 2015 నాటి పట్టణ ఆవాస్ యోజన ఇల్లాలి పేరునో, ఉమ్మడి పేరునో ఇల్లుండాలంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 30 లక్షల ఇళ్ళ స్థలాల పట్టాలు స్త్రీల పేరున ఇవ్వడం మొదలైంది. కాగితం మీద పేరు పడగానే అధికారం రాదని మనకు తెలుసు. కానీ పేరు లేకపోతే ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు.

2024 కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ స్త్రీలు రోజుకు 305 నిమిషాలు జీతంలేని ఇంటిపనిలో గడుపుతున్నారు. 2019లో అది 315. అయిదేళ్ళలో పది నిమిషాలు తగ్గింది! ఇల్లు మెరవడం వెనుక ఉన్నది ఆ అయిదు గంటలే.

అలాగని అందం వద్దని అనను. స్త్రీవాదులకు ఇల్లు సర్దుకోవడం రాదనే ఎగతాళి పాతదే. నాకు రంగులంటే ఇష్టం, కొండపల్లి బొమ్మలంటే ఇష్టం. హైదరాబాదులో ఉద్యోగ జీవితమంతా అద్దె ఇళ్ళలో గడిచింది. ప్రతి ఇంటివారూ తాళంచెవి ఇస్తూ చెప్పే మాట ఒకటే: గోడలకు మేకులు కొట్టకండి. ఆ మాట విన్నప్పుడల్లా, అత్తవారింట్లో ఇదే నియమం మధ్య నోరెత్తకుండా బతికిన స్త్రీలు నాకు గుర్తొస్తారు. తన పుస్తకాలకు ఒక అర, తన తల్లి ఫొటోకు ఒక మేకు అడగడానికి కూడా అనుమతి కావలసిన వాళ్ళు. ఇల్లంతా అలంకరించే బాధ్యత ఉండి, ఒక్క మేకు కొట్టే హక్కు లేనివాళ్ళు.

కాబట్టి ఇంటిని బాగా అలంకరించుకోవడం అంటే నా లెక్క ఇది. ఇంట్లో మీరు రాసుకునే బల్ల ఒకటి ఉండాలి. దాని మీద ఇంకెవరి బట్టలూ మడత పెట్టకూడదు. దులపడం, తుడవడం ఇంట్లో అందరి పనిగా ఉండాలి. పనికి సాయం వచ్చే ఆమెకు పండగ ముందు చేయించుకున్న అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వాలి. కొన్న లేసు గుడ్డ అల్లిన మనిషికి ఎంత ముట్టిందో అమ్మేవాణ్ణి అడగాలి. ఇక పండక్కి ఇల్లు దులిపేటప్పుడు బీరువా అడుగున ఉన్న దస్తావేజునూ, ఇంటి పన్ను రసీదునూ కూడా బయటకు తీసి దుమ్ము దులపండి. వాటి మీద ఎవరి పేరుందో ఒకసారి పైకి చదవండి.