నూలుకు కావలసిన తేమ, మనిషి ఓర్వలేని ఉక్క

1. ఉపోద్ఘాతం

మే నెలలో రామగుండంలో ఎండ 44 డిగ్రీలు ఉన్న రోజున కూడా, నీడపట్టున కూర్చుంటే చెమట త్వరగా ఆరిపోతుంది. మచిలీపట్నంలో 37 డిగ్రీలే ఉన్నా చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. మొదటిదాన్ని వడగాడ్పు అంటాం, రెండవదాన్ని ఉక్కపోత అంటాం. ఈ రెండింటి మధ్య తేడా గాలిలో ఉన్న తేమ వల్ల వచ్చింది. వాడుక భాషలో అందరికీ తెలిసిన ఈ తేడాను కొలిచి, చట్టంలో రాయడానికి పారిశ్రామిక సమాజానికి చాలాకాలం పట్టింది. అది ఎలా జరిగిందో నూలు మిల్లుల చరిత్ర ఆధారంగా ఈ పాఠంలో తెలుసుకుందాం. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: పనిచేసే చోట గాలిని మార్చింది ఎవరి కోసం?

2. తేమకు, వేడికి, నూలుకు ఉన్న సంబంధం

గాలి వేడెక్కే కొద్దీ ఎక్కువ నీటి ఆవిరిని ఇముడ్చుకోగలదు. ఒక ఘనమీటరు గాలిలో 10 డిగ్రీల సెల్సియస్ వద్ద సుమారు 9 గ్రాములు, 20 డిగ్రీల వద్ద 17 గ్రాములు, 30 డిగ్రీల వద్ద 30 గ్రాముల ఆవిరి ఉండగలదు. ఈ గరిష్ఠ పరిమాణంలో వాస్తవంగా ఎంత శాతం ఉందో తెలిపేదే సాపేక్ష ఆర్ద్రత.

ఒక ఉదాహరణ చూడండి. బయట మంచు కురుస్తున్న 10 డిగ్రీల గాలిలో సాపేక్ష ఆర్ద్రత 100 శాతం ఉంది. ఆ గాలి మిల్లు లోపలికి వచ్చి 25 డిగ్రీలకు వేడెక్కింది. దానిలోని ఆవిరి 9 గ్రాములే, కాని ఇప్పుడు అది 23 గ్రాములు పట్టగలదు. అంటే సాపేక్ష ఆర్ద్రత 40 శాతానికి పడిపోయింది. బయట తడిగా ఉన్న గాలే లోపల పొడిగాలి అయింది.

పత్తి పోగు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తగినంత తేమ ఉంటే అది బలంగా, మెత్తగా ఉంటుంది. ఆరిపోతే పెళుసుబారుతుంది, రాపిడికి స్థిరవిద్యుత్తు పుట్టి నూగు లేస్తుంది, మాటిమాటికీ తెగుతుంది. ఈ సంగతి మన చేనేత కార్మికులకు తెలుసు. గుంట మగ్గంలో పడుగు నేలకు దగ్గరగా ఉండి గుంటలోని చెమ్మను అందుకుంటుంది. ఎండాకాలంలో మగ్గం చుట్టూ నేలను తడుపుతారు. అయితే వానాకాలంలో అదే గుంటలో నీరు ఊరుతుంది, గంజి పెట్టిన పడుగు ఆరదు, పని ఆగిపోతుంది. తేమ తక్కువైనా, ఎక్కువైనా నేతకు ఇబ్బందే.

3. లాంకషైర్ మిల్లుల్లో ఆవిరి

ఇంగ్లండులో నూలు పరిశ్రమ లాంకషైర్‌లో కేంద్రీకృతం కావడానికి అక్కడి తేమ వాతావరణం ఒక కారణమని చెబుతారు. కాని యంత్రాల వేడి పెరిగిన కొద్దీ, పైన చూసిన లెక్క ప్రకారం, బయటి తేమ లోపలి అవసరానికి చాలలేదు.

1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల అమెరికా పత్తి సరఫరా దాదాపు నిలిచిపోయింది. లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి మీద ఆధారపడవలసి వచ్చింది. మన కాకినాడ రేవు నుంచి కూడా ఆ కాలంలో పత్తి ఎగుమతి పెరిగింది. భారతీయ పత్తి పింజ పొట్టిది కావడంతో దారం తరచుగా తెగేది. అందుకని యజమానులు పడుగుకు తెల్లని చీనామట్టి కలిపిన గంజిని దట్టంగా పట్టించారు. ఆ గంజి ఎండి రాలకుండా ఉండాలంటే గదిలో తేమ ఎక్కువగా ఉండాలి. అందుకోసం నేత గదుల్లోకి నేరుగా ఆవిరిని వదలడం వ్యాపించింది. కార్మికులకు ఒకవైపు మట్టి దుమ్ము, మరొకవైపు ఉక్క. చెమటతో, ఆవిరితో తడిసిన బట్టలతోనే శీతాకాలపు చలిలోకి వెళ్లవలసి వచ్చేది. టాడ్‌మోర్డెన్ ప్రాంతపు నేతపనివారి ఫిర్యాదులపై డాక్టర్ జార్జ్ బుకానన్ 1872లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు.

ఆవిరిని పూర్తిగా నిషేధించాలన్నది కార్మికుల కోరిక. ఆవిరి లేకపోతే నేత సాగదన్నది యజమానుల వాదన. 1889లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన కాటన్ క్లాత్ ఫ్యాక్టరీల చట్టం మధ్యేమార్గం ఎంచుకుంది. ఆవిరిని నిషేధించలేదు, కాని ఏ ఉష్ణోగ్రత వద్ద ఎంత తేమ ఉండవచ్చో పట్టిక రూపంలో హద్దు పెట్టింది. నేత గదుల్లో తడి, పొడి బల్బుల ఉష్ణమాపకాలు వేలాడదీయాలని, వాటి రీడింగులు నమోదు చేయాలని ఆదేశించింది. అంతవరకు కార్మికుడి నోటిమాటగా ఉన్న బాధ గోడమీద అంకెగా కనబడసాగింది.

4. తడి బల్బు తెలిపిన విషయం

మామూలు ఉష్ణమాపకం బల్బుకు తడిగుడ్డ చుడితే అది తడి బల్బు ఉష్ణమాపకం అవుతుంది. నీరు ఆవిరవుతూ బల్బును చల్లబరుస్తుంది. గాలి పొడిగా ఉంటే రీడింగు బాగా తగ్గుతుంది. తేమ నిండి ఉంటే తగ్గదు. చెమట పట్టిన మన చర్మం కూడా ఇదే పద్ధతిలో చల్లబడుతుంది. కాబట్టి ఒంటికి తగిలే కష్టాన్ని తడి బల్బు మరింత దగ్గరగా సూచిస్తుంది.

బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు జె.ఎస్. హాల్డేన్ గనుల్లోను, వేడి గదుల్లోను పరిశీలనలు జరిపి 1905లో ఫలితాలు ప్రకటించాడు. గాలి కదలని చోట తడి బల్బు సుమారు 31 డిగ్రీల సెల్సియస్ దాటితే, పని చేయకుండా ఉన్న మనిషికి కూడా శరీర ఉష్ణోగ్రత పెరగసాగుతుందని ఆయన తేల్చాడు. కాయకష్టం చేసేవారికి ఈ హద్దు ఇంకా తక్కువ.

5. భారతదేశంలో

బొంబాయిలో కావస్‌జీ దావర్ స్థాపించిన మిల్లు 1856లో పని ప్రారంభించింది. అక్కడి సముద్రగాలి నూలుకు అనుకూలం. లోతట్టు పట్టణాలకు ఆ సౌకర్యం లేదు. 1877లో జంషెడ్‌జీ టాటా నాగపూర్‌లో ప్రారంభించిన ఎంప్రెస్ మిల్లు గాలికి తేమ పట్టించే యంత్రాలను మన దేశంలో మొదట అమర్చిన మిల్లుగా పేరు పొందింది. నాగపూర్ ఎండలో ఆ యంత్రాలు దారాన్ని కాపాడాయి. కాని, వేడిగా ఉన్న గదిలో తేమ పెంచితే చెమట ఆరడం కష్టమవుతుందని మీరు ఈపాటికి గ్రహించి ఉంటారు.

తెలంగాణ జిల్లాల నుంచి షోలాపూర్, బొంబాయి, భివండీలకు వలస వెళ్లిన వేలాది పద్మశాలి కుటుంబాల జీవితంలో ఈ ఉక్క కూడా ఒక భాగం. స్వాతంత్ర్యం తరువాత వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 15వ సెక్షన్ కృత్రిమంగా తేమ పెంచడంపై నియమాలు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చింది. అందుకు వాడే నీరు శుభ్రమైనదై ఉండాలని కూడా అదే సెక్షన్ చెప్పింది.

6. ఎయిర్ కండిషనింగ్ పుట్టుక

1902లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయానికి వేసవి తేమ సమస్య అయింది. కాగితం తేమను పీల్చి సాగడంతో ఒక రంగు మీద మరొక రంగు సరిగా పడేది కాదు. విల్లిస్ క్యారియర్ అనే యువ ఇంజనీరు చల్లని గొట్టాల మీదుగా గాలిని పంపి తేమను అదుపుచేసే ఏర్పాటును రూపొందించాడు. 1906లో ‘ఎయిర్ కండిషనింగ్’ అనే మాటను వాడుకలోకి తెచ్చినది స్టువర్ట్ క్రామర్. ఆయన అమెరికా దక్షిణ రాష్ట్రాల నూలు మిల్లుల ఇంజనీరు. అంటే ఈనాడు మనం సుఖానికి గుర్తుగా భావించే ఈ యంత్రం మొదట కాగితం కోసం, దారం కోసం పుట్టింది.

7. సారాంశం

తేమ, వేడి కలిసి వస్తువుల మీద, శరీరాల మీద ఏకకాలంలో పనిచేస్తాయి. పరిశ్రమ మొదట వస్తువు నష్టాన్ని గుర్తించింది. తెగిన దారం, చెడిన ముద్రణ వెంటనే కంటికి కనబడతాయి, నష్టం లెక్కలోకి వస్తుంది. మనిషి బాధ లెక్కలోకి రావడానికి కార్మికుల ఫిర్యాదులు, శాస్త్ర పరిశీలన, చట్టం మూడూ అవసరమయ్యాయి. హాల్డేన్ చూపిన హద్దుకు దగ్గరి ఫలితాలే 2022లో అమెరికాలో యువకులపై జరిపిన ప్రయోగాల్లోనూ వచ్చాయి. ఈసారి వార్తల్లో ఉష్ణోగ్రత విన్నప్పుడు, ఆ రోజు తేమ ఎంత, ఆ గాలిలో పనిచేస్తున్నది ఎవరు అని కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. బయటి తడిగాలి మిల్లు లోపల పొడిగాలిగా ఎలా మారుతుంది?
2. అమెరికా అంతర్యుద్ధానికి, లాంకషైర్ నేత గదుల్లో ఆవిరికి ఉన్న సంబంధాన్ని వివరించండి.
3. మీ ఊరిలో తేమ, వేడి ఎక్కువగా ఉండే ఒక పనిచోటును పరిశీలించి, అక్కడ గాలి ఏర్పాట్లు వస్తువు కోసం ఉన్నాయో, మనిషి కోసం ఉన్నాయో పది వాక్యాల్లో రాయండి.