ఎక్కువ కార్లు అమ్మాలా.. కారుకి ఎక్కువ లాభం చూసుకోవాలా? చిన్న కార్లు తగ్గిపోవడం వెనక కంపెనీల లెక్క ఇదీ!

షోరూంలోకి అడుగుపెడితే ఎటు చూసినా ఎస్‌యూవీలే. ఐదు లక్షల లోపు కారు కావాలని అడిగితే మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మోడళ్లే చూపిస్తారు. మరి జనానికి చిన్న కార్లు వద్దా? లేక కంపెనీలకే వద్దా? రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే లెక్కలో ఉంది. ఏడాదికి ఎన్ని కార్లు అమ్మాం అన్నది ఒక అంకె. ఒక్కో కారు మీద ఎంత మిగిలింది అన్నది రెండో అంకె. ఈ రెండూ ఒకేసారి పెరిగే రోజులు కార్ల వ్యాపారంలో చాలా తక్కువ.

ఫ్యాక్టరీ ఖాళీగా ఉంటే ఏమవుతుంది?

ముందు ఓ చిన్న ఉదాహరణ చూద్దాం. ఓ ఫ్యాక్టరీకి జీతాలు, మెషీన్లు, అప్పు మీద వడ్డీ కలిపి ఏడాదికి రూ.1,000 కోట్ల ఖర్చు ఉందనుకుందాం. కారు చేసినా చేయకపోయినా ఈ ఖర్చు ఆగదు. లక్ష కార్లు చేస్తే ఒక్కో కారు మీద పడే భారం లక్ష రూపాయలు. అదే రెండు లక్షల కార్లు చేస్తే 50 వేలే. కార్ల కంపెనీలు నంబర్ల వెంట పడటానికి అసలు కారణం ఇదే.

దీనికి మన దేశంలో అందరికీ తెలిసిన ఉదాహరణ టాటా నానో. 2009లో లక్ష రూపాయల కారుగా వచ్చింది. గుజరాత్‌లోని సనంద్ ప్లాంట్‌ను ఏడాదికి రెండున్నర లక్షల కార్ల సామర్థ్యంతో కట్టారు. బాగా అమ్ముడుపోయిన ఏడాదిలో కూడా (2011-12) నానో 75 వేలకు చేరలేదు. కారు మీద మిగిలేదే తక్కువ, పైగా ఫ్యాక్టరీలో మూడో వంతు కూడా నిండలేదు. 2018 నాటికి ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది. తక్కువ ధర కారు బతకాలంటే వేలల్లో కాదు, లక్షల్లో అమ్ముడుపోవాలి. నానో విషయంలో అది జరగలేదు.

అలాగని ధర తగ్గించి అమ్మేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. పది లక్షల కారు మీద కంపెనీకి 60 వేలు మిగులుతున్నాయనుకుందాం. అమ్మకాలు పెంచడానికి 20 వేలు డిస్కౌంట్ ఇచ్చారు. కొనేవాళ్లకి అది రెండు శాతమే.. పెద్దగా లెక్కలోకి కూడా రాదు. కానీ కంపెనీకి పాత లాభమే రావాలంటే ఇప్పుడు 50 శాతం ఎక్కువ కార్లు అమ్మాలి. ఏడాది చివర్లో ఆఫర్లు పెట్టడానికి కంపెనీలు అంతగా వెనకాడేది అందుకే. స్టాక్ పేరుకుపోతే తప్ప పెద్ద డిస్కౌంట్ బయటికి రాదు.

వాటా పడిపోయింది.. లాభం పెరిగింది

ఇక అసలు కథ మారుతీ సుజుకీది. 1983 డిసెంబర్‌లో మారుతీ 800తో మొదలైన కంపెనీ, చిన్న కారునే నమ్ముకుని ఎదిగింది. 2018-19లో దేశంలో అమ్ముడైన ప్రతి రెండు కార్లలో ఒకటి మారుతీదే. వాటా 51 శాతం. ఆ తర్వాత 2022-23కి అది 41 శాతం దగ్గరికి పడిపోయింది. పది శాతం వాటా పోవడం అంటే మామూలు దెబ్బ కాదు.

అయితే లాభాల వైపు చూస్తే సీన్ రివర్స్. 2018-19లో మారుతీ 18.62 లక్షల వాహనాలు అమ్మి రూ.7,501 కోట్ల నికర లాభం సంపాదించింది. 2024-25లో 22.34 లక్షలు అమ్మి రూ.13,955 కోట్లు సంపాదించింది. అంటే వాహనాలు 20 శాతం పెరిగితే, లాభం 86 శాతం పెరిగింది. భాగించి చూస్తే ఒక్కో వాహనానికి లాభం రూ.40 వేల నుంచి రూ.62 వేలకు చేరింది. ఇందులో పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం, ఎగుమతులు కూడా కలిసి ఉన్నాయి. కాబట్టి ఇది కారు మీద నేరుగా మిగిలిన డబ్బు కాదు. కానీ కంపెనీ ఎటు నడిచిందో చెప్పడానికి ఈ లెక్క చాలు.

ఇలా ఎందుకైందో మోడళ్ల అమ్మకాలు చూస్తే తెలిసిపోతుంది. 2018-19లో ఒక్క ఆల్టోనే రెండున్నర లక్షలకు పైగా అమ్ముడైంది. 2024-25లో ఆల్టో, ఎస్-ప్రెస్సో రెండూ కలిపినా లక్షా పాతిక వేల దగ్గరే ఆగాయి. అదే కాలంలో బ్రెజ్జా, ఎర్టిగా, గ్రాండ్ విటారా, ఫ్రాంక్స్ లాంటి యుటిలిటీ వాహనాలు 2.64 లక్షల నుంచి 7.20 లక్షలకు ఎగబాకాయి. చిన్న కారు గురించి మారుతీ ఎంత మాట్లాడినా, డబ్బు తెచ్చింది మాత్రం పెద్ద బండ్లే.

చిన్న కారు మీదే ఎక్కువ దెబ్బ ఎందుకు?

నిబంధనల వల్ల పెరిగే ఖర్చు అన్ని కార్లకీ దాదాపు ఒకేలా ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చింది. ఆ తర్వాత ఎయిర్‌బ్యాగులు పెరిగాయి.. ఆల్టో కే10లో కూడా ఇప్పుడు ఆరు ఉన్నాయి. భద్రత కోసం ఇవన్నీ కావాల్సినవే, అందులో రెండో మాట లేదు. అయితే 40 వేలు ఖర్చు పెరిగితే 15 లక్షల ఎస్‌యూవీలో అది మూడు శాతం లోపే. నాలుగు లక్షల కారులో పది శాతం. బైక్ నుంచి కారుకి మారాలనుకునే కుటుంబానికి ఆ పది శాతమే అడ్డం పడుతుంది.

మారుతీ ఛైర్మన్ ఆర్.సి.భార్గవ చాలా కాలంగా చెబుతున్నదీ ఇదే. దేశంలో వెయ్యి మందికి కార్లు 34 మాత్రమేనని, పది లక్షలు పెట్టి కారు కొనగలిగే కుటుంబాలు 12 శాతమేనని 2025లో ఆయన అన్నారు. మిగతా వాళ్లను వదిలేస్తే మార్కెట్ పెరగదన్నది ఆయన వాదన. ఇందులో కంపెనీ స్వార్థం లేదని అనలేం. కానీ లెక్క మాత్రం తప్పు కాదు. ఇవాళ ఆల్టో కొన్నవాళ్లే కదా ఐదారేళ్ల తర్వాత బ్రెజ్జాకి వచ్చేది!

పెనుకొండలో కియా లెక్క వేరే

చిన్న కారు జోలికే వెళ్లని కంపెనీ మన దగ్గరే ఉంది. శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ దగ్గర ఏడాదికి మూడు లక్షల వాహనాల సామర్థ్యంతో కియా ప్లాంట్ పెట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్‌తో మొదలుపెట్టింది. ప్రారంభ ధరే రూ.9.69 లక్షలు. విదేశాల్లో కియాకి పికాంటో అనే చిన్న హ్యాచ్‌బ్యాక్ ఉంది. దాన్ని ఇక్కడికి తేలేదు. ఫ్యాక్టరీని నింపుకోవడానికి ఎగుమతులనూ వాడుకుంది.

కియా గ్రూపులోదే అయిన హ్యుందాయ్ కూడా అదే బాట పట్టింది. 1998లో ఏ శాంత్రోతో భారత్‌లో అడుగుపెట్టిందో, ఆ శాంత్రోనే 2022లో ఆపేసింది. అంతకుముందే ఇయాన్ పోయింది. ఇప్పుడు దేశంలో హ్యుందాయ్ అమ్మే ప్రతి మూడు కార్లలో రెండు ఎస్‌యూవీలే. 2024-25లో 7.62 లక్షల వాహనాల మీద రూ.5,640 కోట్ల లాభం వచ్చింది. ఒక్కో వాహనానికి చూస్తే సుమారు రూ.74 వేలు.. మారుతీ కంటే ఎక్కువ. కానీ దీనికీ ఖరీదుంది. ఏళ్ల తరబడి పట్టుకున్న రెండో స్థానం 2025లో చాలా నెలలు మహీంద్రా చేతికి వెళ్లింది. మహీంద్రా అమ్మేవి పూర్తిగా ఎస్‌యూవీలే అన్నది ఇక్కడ గమనించాలి.

జీఎం వదులుకుంది.. టెస్లా తగ్గించింది

ప్రపంచంలో ఈ ఎంపికను అందరికంటే బాహాటంగా చేసింది అమెరికాకి చెందిన జనరల్ మోటార్స్. మేరీ బారా సీఈవోగా ఉండగా 2017లో యూరప్‌లోని ఒపెల్‌ను పీఎస్ఏ గ్రూపుకి అమ్మేసింది. అదే ఏడాది చివరికి భారత్‌లో షెవర్లే కార్ల అమ్మకం ఆపేసింది. లక్షల కార్ల నంబర్ పోతుందని తెలిసే ఈ పని చేసింది. 2021లో చిప్‌ల కొరత వచ్చినప్పుడు ఉన్న చిప్‌లను పికప్ ట్రక్కులకు, పెద్ద ఎస్‌యూవీలకు మళ్లించింది. ఆ ఏడాది అమెరికాలో జీఎం అమ్మకాలు 13 శాతం పడిపోయాయి. మొదటి స్థానం టొయోటాకి పోయింది. లాభం మాత్రం 1,000 కోట్ల డాలర్లు!

ఇక్కడ షెవర్లే కొన్నవాళ్లకి మాత్రం ఇది వేరే కథ. కంపెనీ సర్వీస్ కొనసాగిస్తామని చెప్పినా, కొత్త కార్లే రాని బ్రాండ్‌కి సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో ఏం ధర పలుకుతుంది? లాభం లేని మార్కెట్ నుంచి బయటికి రావడం కంపెనీకి ఒక సంతకంతో అయిపోతుంది. ఈఎంఐ కట్టేవాళ్లకి అలా కాదు.

టెస్లా దీనికి పూర్తి రివర్స్‌లో వెళ్లింది. 2023లో వరసగా ధరలు కోసింది. మార్జిన్ తగ్గినా ఎక్కువ కార్లు రోడ్డెక్కితే, తర్వాత సాఫ్ట్‌వేర్ ద్వారా సంపాదించుకోవచ్చన్నది ఎలాన్ మస్క్ ఆలోచన. అమ్మకాలు 13.1 లక్షల నుంచి 18.1 లక్షలకు పెరిగాయి కూడా. కానీ ఆపరేటింగ్ మార్జిన్ 16.8 శాతం నుంచి 9.2 శాతానికి దిగింది. 2024లో మార్జిన్ ఇంకా తగ్గి 7.2 శాతమైంది, అమ్మకాలు కూడా 17.9 లక్షలకు జారాయి. ధర తగ్గించినంత తేలిక కాదు మళ్లీ పెంచడం. పైగా కొత్త కారు ధర కోసిన ప్రతిసారీ, అప్పటికే కొన్నవాళ్ల కారు విలువా పడిపోతుంది. అద్దె కార్ల కంపెనీ హెర్ట్జ్ 2024 మొదట్లో 20 వేల ఎలక్ట్రిక్ కార్లను వదిలించుకోవాలని నిర్ణయించింది. వాటిలో ఎక్కువ టెస్లాలే.

జీఎస్టీ తగ్గాక మారిందేంటి?

2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 18 శాతానికి దిగింది. అంతకుముందు సెస్‌తో కలిపి చిన్న పెట్రోల్ కారుకి 29 శాతం ఉండేది. పెద్ద ఎస్‌యూవీలపైనా పన్ను 50 శాతం దాకా ఉన్నది 40 శాతానికి వచ్చింది. మారుతీ పన్ను తగ్గింపుతో ఆగకుండా తనవైపు నుంచి కూడా కొంత తగ్గించింది. ఎస్-ప్రెస్సో ప్రారంభ ధరను రూ.3.49 లక్షలకు, ఆల్టో కే10ను రూ.3.69 లక్షలకు తెచ్చింది. పండగ సీజన్‌లో షోరూంలకు మళ్లీ బైక్ మీద వచ్చి కారు బుక్ చేసుకునేవాళ్లు కనిపించారు.

వాటాను తిరిగి 50 శాతానికి తీసుకెళ్లడమే లక్ష్యమని మారుతీ మాతృసంస్థ సుజుకీ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది. అంటే ఏటా లక్షల కార్లు అదనంగా అమ్మాలి, కొత్త ఫ్యాక్టరీలు నింపాలి. హర్యానాలోని ఖర్ఖోడాలో అదే నెలలో కొత్త ప్లాంట్ ఉత్పత్తి మొదలుపెట్టింది. మొదటి దశలో ఏడాదికి రెండున్నర లక్షల కార్లు. ఆ ప్లాంట్ నుంచి మొదటగా బయటికొచ్చిన మోడల్ ఆల్టో కాదు, బ్రెజ్జా.